చేతులు కడుక్కోండి... సరే, నీళ్ళు తెచ్చేదెవరు?

2025 మే నెల మూడో వారంలో రెండు కాగితాలు బయటికొచ్చాయి. ఒకటి జెనీవాలో. కోవిడ్ లాంటి మహమ్మారి మళ్ళీ వస్తే దేశాలు ఒకదానికొకటి ఎలా సాయపడాలో చెప్పే ఒప్పందాన్ని మే 20న ప్రపంచ ఆరోగ్య మహాసభ ఆమోదించింది. రెండోది మన రాష్ట్రంలో. దేశంలో అక్కడక్కడా మళ్ళీ కేసులు కనిపిస్తున్నాయని మన ప్రజారోగ్య శాఖ వాళ్ళు ఒక సూచనల పత్రం విడుదల చేశారు. జనం గుమిగూడవద్దు, ప్రార్థనా సమావేశాలూ విందులూ మానుకోండి, బస్టాండులో రైల్వే స్టేషన్లో మాస్కు పెట్టుకోండి, చేతులు తరచుగా కడుక్కోండి, 60 ఏళ్ళు దాటిన వాళ్ళూ గర్భిణులూ ఇల్లు కదలకండి.

ఆ కేసులు పెద్దగా ముదరలేదు, అందరం మర్చిపోయాం. మంచిదే. కానీ ఆ పత్రం చదువుతుంటే నాకు ఒక సందేహం వచ్చింది. 2020లో మన గోడల మీద అంటించిన కాగితానికీ, ఐదేళ్ళ తర్వాత వచ్చిన ఈ కాగితానికీ తేడా ఏమైనా ఉందా? మధ్యలో ఇంత జరిగింది కదా, ఒక్క వాక్యమైనా మారిందా?

కథలు రాసుకునేదాన్ని కాబట్టి వాక్యంలో కర్త ఎక్కడుందా అని వెతకడం నాకు అలవాటు. ఈ సూచనల్లో కర్త ఉండదు. 'చేతులు కడుక్కోవాలి', 'ఇల్లు శుభ్రంగా ఉంచుకోవాలి', 'రోగిని వేరే గదిలో ఉంచాలి', 'వేడి వేడి ఆహారం ఇవ్వాలి', 'వృద్ధులను జాగ్రత్తగా చూసుకోవాలి'. ఎవరు? పత్రం చెప్పదు. చెప్పకపోయినా ప్రతి ఇంట్లోనూ అందరికీ తెలుసు ఎవరో!

మా ఆదోని వైపు నుంచి చూస్తే ఈ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. ఆదోని దాటి మంత్రాలయం రోడ్డు వైపు రైల్లో పోతుంటే మధ్యలో కోసిగి వస్తుంది. మద్రాసు-బొంబాయి రైలు మార్గం మీద ఉన్న ఊరు. రైళ్ళు చాలానే పోతాయి, వానలు మాత్రం ఎప్పుడో గానీ రావు. 2011 జనాభా లెక్కల్లో రాష్ట్రం మొత్తం మీద అక్షరాస్యత బాగా అడుగున ఉన్న మండలాల్లో ఇదొకటి. ఖరీఫ్‌లో వేసిన పత్తీ వేరుశనగా చేతికొచ్చినా రాకపోయినా, ఆ తర్వాత సగం ఇళ్ళకి తాళాలు పడతాయి. పత్తి తీతకి తెలంగాణ వైపు, సంక్రాంతి దాటాక గుంటూరు జిల్లా మిర్చి కోతలకి. మేస్త్రీ పనులకి బెంగుళూరు, హైదరాబాదు. పిల్లాజెల్లా, గిన్నె చట్టీ అంతా మూటకట్టుకుని పోతారు. ముసలివాళ్ళు ఊళ్ళో మిగులుతారు.

ఇప్పుడు 'చేతులు కడుక్కోవాలి' అన్న వాక్యాన్ని అక్కడ పెట్టి చూద్దాం.

మా ఇంట్లో ఇత్తడి చెంబుకి ముప్పాతిక లీటరు నీళ్ళు పడతాయి. సబ్బు రాసుకుని, వేళ్ళ సందులూ గోళ్ళూ రుద్ది, శుభ్రంగా కడగాలంటే కుళాయి లేకుండా ఒక చెంబు పడుతుంది. అత్తా మామా మొగుడూ పెళ్ళాం ఇద్దరు పిల్లలూ... ఆరుగురున్న ఇల్లు. ఒక్కొక్కరూ రోజుకి 8 సార్లు కడుక్కుంటే 48 చెంబులు. అంటే 36 లీటర్లు. 15 లీటర్ల ప్లాస్టిక్ బిందెలైతే దగ్గర దగ్గర రెండున్నర బిందెలు. ఇవి వంటకీ, తాగడానికీ, గేదెకీ కాకుండా అదనం. జలజీవన్ మిషన్ లెక్క ప్రకారం పల్లెలో మనిషికి రోజుకి 55 లీటర్లు కుళాయి ద్వారా రావాలి. అవి నిజంగా వస్తే అందులో చేతులకి పోయేవి మనిషికి ఆరు లీటర్లే, ఎవరూ లెక్కచెయ్యరు. రాని చోటే రెండున్నర బిందెలు రెండున్నర నడకలవుతాయి. ఎండాకాలం తుంగభద్ర దిగువ కాలువలో నీళ్ళు ఆగిపోయాక ట్యాంకరు కోసం వరస కట్టాల్సి వస్తుంది. ఆ వరసలో మగవాళ్ళు ఎంతమంది ఉంటారో మీరు మీ ఊళ్ళో చూసే ఉంటారు.

కోసిగిలో మా ఆడబిడ్డ వాళ్ళ వీధిలో ఒకామె 2020 వేసవిలో ఈ మాటే అంది. "కడుక్కోమంటే కడుక్కుంటాం లేమ్మా, మాకు మాత్రం బతకాలని ఉండదా? ట్యాంకరు రెండ్రోజులకొకపారి వస్తాది. వచ్చినప్పుడు అందరం బిందెలు పట్టుకోని మీదమీద పడల్ల. దూరం దూరం నిలబడమంటాడు ఆ మైకాయన. దూరం నిలబడితే నా బిందె నిండేదెట్ల?"

చూడండి, ఎంత సూటిగా చెప్పిందో! రెండు సూచనలున్నాయి, దూరంగా ఉండమని ఒకటి, చేతులు కడుక్కోమని ఒకటి. ఒకదాన్ని పాటించాలంటే రెండోదాన్ని మీరాలి. ఇది ఆమె తెలియనితనం కాదు. ట్యాంకరు వేళలు, వీధికెన్ని ట్రిప్పులు అన్నది కూడా ఆరోగ్య సూచనల్లో భాగమేనని కాగితం రాసిన వాళ్ళకి తట్టలేదు, అంతే.

ఇంకో విషయం. ఆ ఏడాది మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. మార్చి 25 ఏ రోజో గుర్తుందా? ఉగాది. ఎక్కడ కోతకి పోయినా ఉగాదికి ఇల్లు చేరాలని మా వైపు వాళ్ళ కోరిక. బొరుగులూ బొబ్బట్లూ సరే, ఊరి దేవరకి మొక్కులుంటాయి, కొత్త ఏడాది కౌలు మాటలుంటాయి. అలాంటి రోజున 'ఎక్కడివాళ్ళు అక్కడే ఉండండి' అన్నారు. గుంటూరు జిల్లా మిర్చి చేలల్లో మా పడమటి కర్నూలు కుటుంబాలు చిక్కుకుపోయాయి. 'ఇంట్లోనే ఉండండి, క్షేమంగా ఉండండి' అన్న సూచన వాళ్ళకి ఏ ఇంటి గురించి? పట్టా కప్పిన గుడిసె ఇల్లా, 300 కిలోమీటర్ల అవతల తాళం వేసిన ఇల్లా? కొందరు నడిచారు, కొందరు దొరికిన లారీ ఎక్కారు, కొందర్ని తర్వాత ప్రభుత్వమే తెచ్చి బళ్ళలో క్వారంటైన్ పెట్టింది. ఆడవాళ్ళూ మగవాళ్ళూ పిల్లలూ ఒకే బడిలో 14 రోజులు. మరుగుదొడ్ల సంగతి నేను చెప్పక్కర్లేదు.

అన్నట్టు, శానిటరీ నాప్కిన్లు అత్యవసర వస్తువేనని కేంద్ర హోం శాఖ స్పష్టం చేసింది మార్చి 29న. అంటే లాక్‌డౌన్ మొదలైన నాలుగైదు రోజులకి! పాలు, కూరగాయలు, మందులు మొదటి రోజే జాబితాలో ఉన్నాయి. నెలసరి మాత్రం ఎవరో అడిగాక గుర్తొచ్చింది. జాబితా రాసిన బల్ల చుట్టూ ఎవరు కూచున్నారో దీన్నిబట్టే ఊహించుకోవచ్చు.

ఏప్రిల్ నెలాఖరుకి రాష్ట్రంలో అందరికంటే ఎక్కువ కేసులు మా కర్నూలు జిల్లాలోనే. ఏప్రిల్ 14న కర్నూల్లో డాక్టర్ కె.ఎం. ఇస్మాయిల్ హుస్సేన్ గారు పోయారు. ఇచ్చినంత తీసుకుని వైద్యం చేసే పేదల డాక్టరుగా ఆయన్ని ఎరగనివాళ్ళు తక్కువ. ఆయనకీ కోవిడే. ఆ వార్తతో జనం గుండె జారిపోయింది. జ్వరమొస్తే ఎక్కడికి పోవాలన్న భయం ఒకపక్క, పోతే తీసుకెళ్ళి ఎక్కడ పెడతారోనన్న భయం ఇంకోపక్క.

అప్పుడే, 2020 ఏప్రిల్ 27న, 'హోం ఐసొలేషన్' నియమాలు ఢిల్లీ నుంచి వచ్చాయి. లక్షణాలు స్వల్పంగా ఉన్నవాళ్ళు ఇంట్లోనే ఉండొచ్చు, ఇంట్లో అందుకు తగిన వసతి ఉండాలి, 24 గంటలూ కనిపెట్టుకుని ఉండే 'కేర్ గివర్' ఒకరు ఉండాలి అన్నారు. ఆ కేర్ గివర్ ఏం చెయ్యాలో వివరంగా రాశారు. మూడు పొరల మాస్కు కట్టుకోవాలి, మాస్కు ముందుభాగం ముట్టుకోకూడదు, రోగి దగ్గరికి వెళ్ళొచ్చిన ప్రతిసారీ చేతులు కడుక్కోవాలి, అదీ కనీసం 40 సెకన్లు, గిన్నెలు గ్లౌజులు వేసుకుని సబ్బుతో తోమాలి, భోజనం గదిలోకే అందించాలి.

నియమాల్లో తప్పు పట్టడానికేం లేదు. వైద్యపరంగా అన్నీ అవసరమైనవే. నా బాధల్లా ఆ 24 గంటల మనిషి గురించే. ఆమెకి జ్వరమొస్తే కేర్ గివర్ ఎవరు? ఎంత వెతికినా ఆ ఊసు నాకు కనిపించలేదు. మనకి తెలిసిన ఇళ్ళల్లో ఏం జరిగిందో చూద్దాం. మొగుడికొస్తే పెళ్ళాం చేసింది. అత్తకొస్తే కోడలు చేసింది. కోడలికొస్తే... రెండ్రోజులు పడుకుని, మూడోరోజు లేచి ముక్కుకి గుడ్డ కట్టుకుని పొయ్యి ముట్టించింది. లేదంటే పుట్టింటినుంచి తల్లి వచ్చింది, ఆ తల్లికి అరవయ్యేళ్ళు!

ఇక 'వేరే గది'. ఎమ్మిగనూరు నేత ఇళ్ళకి ఒక్కసారి వెళ్ళండి. మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరది. దానివల్ల ఎన్నో కుటుంబాలు నిలబడ్డాయి. నేత ఇంట్లో ఉన్న ఒక్క పెద్ద గదిలో గుంటమగ్గం ఉంటుంది. మనుషులు మగ్గం మిగిల్చిన చోట పడుకుంటారు. లాక్‌డౌన్లో నూలు రాక, బట్ట పోక మగ్గం ఆగిపోయింది గానీ మగ్గం చోటు ఖాళీ కాలేదు. ఆ ఇంట్లో రోగికి వేరే గది అంటే ఏది? వీధరుగా? వేరే మరుగుదొడ్డి సరే, అసలు మరుగుదొడ్డి ఎన్ని ఇళ్ళకి ఉంది?

ఇలాంటి ఇళ్ళవాళ్ళు చాలామంది జ్వరాన్ని దాచిపెట్టారు. 'జనం సహకరించడం లేదు' అని అప్పట్లో పేపర్లలో, టీవీల్లో తరచూ వినిపించేది. సహకరించకపోవడానికీ, సహకరించే దారి లేకపోవడానికీ తేడా ఉంది. మాట వినడం ఇష్టంలేని వాళ్ళు లేరని నేననను. మద్యం దుకాణాలు 2020 మే 4న తెరిస్తే ఎంతెంత వరసలు! ధర మొత్తం మీద 75 శాతం పెంచినా ఆగారా? ఆ ఏడాది దసరాకి మా పక్క దేవరగట్టులో బన్ని ఉత్సవం వద్దని నిషేధం పెట్టినా కర్రల సమరం ఆగిందా? ఇవన్నీ చేసింది ఎవరో, తెల్లారి లేస్తే ఆటోలో మైకుపెట్టి 'తల్లులారా, అక్కలారా, అప్రమత్తంగా ఉండండి' అని చెప్పించుకున్నది ఎవరో గమనించారా? జూలై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజరు తాగి పది మందికి పైగా చనిపోయారు. చేతికి రాసుకోమని చెప్పిన మందు గొంతులోకి పోయింది. 'పిల్లలకి అందకుండా ఉంచండి' అని సీసా మీద రాశారు గానీ మగవాడికి అందకుండా ఎక్కడ దాచాలో ఏ ఇల్లాలికి తెలుసు?

జాతీయ మహిళా కమిషన్‌కి లాక్‌డౌన్ మొదటి వారాల్లోనే గృహహింస ఫిర్యాదులు బాగా పెరిగాయి. ఏప్రిల్లో వాట్సప్ నంబరు కూడా పెట్టారు. ఫోను ఎవరి జేబులో ఉంటుందన్నది వేరే ప్రశ్న.

ఇంతవరకూ చెప్పిందంతా నిష్ఠూరంగా అనిపిస్తే అది సగమే. పనిచేసిన సూచనలు కూడా ఉన్నాయి, అవి ఎందుకు పనిచేశాయో చూడటం ముఖ్యం.

అప్పట్లో గ్రామాల్లో 50 ఇళ్ళకి ఒక వాలంటీరు ఉండేవాళ్ళు. ఆశా కార్యకర్త, ఏఎన్ఎమ్, వాలంటీరు కలిసి ఇంటింటికీ తిరిగి ఎవరికి జ్వరముందో, ఎవరు బయటినుంచి వచ్చారో రాసుకున్నారు. ఏప్రిల్ 4న బియ్యం కార్డున్న పేద కుటుంబాలకి 1000 రూపాయలు ఇంటికే తెచ్చిచ్చారు. బియ్యమూ కందిపప్పూ రేషన్ కింద ఉచితంగా అందాయి. మనిషికి 3 చొప్పున మాస్కులివ్వాలని రాష్ట్రం నిర్ణయిస్తే వాటిని కుట్టింది డ్వాక్రా ఆడవాళ్ళు. మాస్కు పెట్టుకోమని చెప్పడమే కాక చేతిలో మాస్కు పెట్టారు. ఇంట్లో ఉండమని చెప్పడమే కాక గింజలిచ్చారు. చాలీచాలకపోవచ్చు, అయినా అది మాటతోపాటు వస్తువు కూడా వచ్చిన సందర్భం.

టీకాల సంగతి ఇంకా బాగా చెబుతుంది. 2021 మేలో 18 దాటిన వాళ్ళకి మొదలుపెట్టినప్పుడు కోవిన్‌లో పేరు నమోదు చేసుకుంటేనే టీకా అన్నారు. ఇంటికి ఒక్క స్మార్టు ఫోను, అదీ మగవాళ్ళ దగ్గర. దేశం మొత్తం లెక్క తీస్తే ఆడవాళ్ళు వెనకబడిపోయారు. కానీ ఆంధ్రప్రదేశ్, కేరళ వంటి కొన్ని రాష్ట్రాల్లో 2021 జూన్ నాటికే మగవాళ్ళకంటే ఆడవాళ్ళే ఎక్కువ వేయించుకున్నారు. జూన్ 20న ఒక్కరోజులో మన రాష్ట్రంలో 13 లక్షలకి పైగా టీకాలు వేశారు. ఆ నెలలోనే ఐదేళ్ళలోపు పిల్లలున్న తల్లులకి ముందు వెయ్యాలని నిర్ణయించారు. మూడో విడత వస్తే పిల్లలు ఆసుపత్రి పాలవుతారేమో, వాళ్ళ పక్కన తల్లి ఉండాలి కదా అన్నది కారణం. (అక్కడా తల్లిగానే గుర్తొచ్చింది, సరే, గుర్తొచ్చింది కదా!) ఆశా వచ్చి పేరు పెట్టి పిలిచింది, బిడ్డని ఎత్తుకునే వచ్చెయ్యమంది, సచివాలయం దగ్గరే వేశారు. అంతే, భయపడతారు, మూఢనమ్మకాలు అన్నవాళ్ళంతా నోరు మూసుకున్నారు. కోసిగి ఆడవాళ్ళు పుకార్లు నమ్మలేదని కాదు. వేపచెట్టుకి నీళ్ళు పొయ్యాలన్న పుకారు మా వైపు 2020లో ఇంటింటికీ పాకింది. నీళ్ళకి అంత కరువులోనూ పోసినవాళ్ళున్నారు. పుకారుని తెచ్చింది ఎదురింటి వదిన. టీకా కబురు తెచ్చినప్పుడు కూడా ఎదురింటి వదినలాంటి మనిషే తెచ్చింది కాబట్టి నమ్మారు.

ఈ సంగతి మనకి కొత్తదేం కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఏం జరిగింది? సారా తాగితే ఒళ్ళూ ఇల్లూ గుల్లవుతాయని అంతకుముందు ఎవరూ చెప్పలేదా? చెప్పారు, గోడల మీద రాశారు కూడా. రాత్రిపూట అక్షరదీపం తరగతిలో పదిమంది ఆడవాళ్ళు కూచుని పాఠం చదివి, 'ఇది మన ఇంటి సంగతే కదే' అని ఒకరితో ఒకరు మాట్లాడుకున్నాకే దుకాణాలు మూయించారు. మరుసటి ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. కాగితం మీది మాట నలుగురు కలిసి మాట్లాడుకుంటే ఎంత దూరం పోతుందో చూశాం.

మా అవ్వ చెప్పేది, ప్లేగు కాలం సంగతులు. అప్పుడు ఆదోని బళ్ళారి జిల్లాలో ఉండేది, 1953లో గదా మనం ఆంధ్రలో కలిసింది. ఎలకలు రాలుతున్నాయంటే చాలు, ఊరు ఖాళీచేసి చేలల్లో గుడిసెలు వేసుకునేవాళ్ళట. తప్పెట కొట్టి చాటింపు వేసేవాడు ఏ వీధివాళ్ళు ఏ దిక్కు పోవాలో, నీళ్ళు ఏ బావినించి తోడుకోవాలో, చచ్చిన ఎలకని ఎవరు కాల్చాలో పేరుపేరునా చెప్పేవాడట. ఆ రోజులు మంచివని నేననడం లేదు, కులాన్నిబట్టే బావులూ పనులూ పంచి ఉంటారు, చచ్చిన ఎలకలు ఎవరి వంతుకి పడ్డాయో ఊహించుకోవడం కష్టం కాదు. అయినా ఆ చాటింపులో కర్త ఉండేది. బావి పేరు ఉండేది.

మరి రేపటి కాగితంలో ఏం ఉండాలి? నేను డాక్టర్ని కాదు. కానీ ఇల్లు నడిపేదాన్ని కాబట్టి కొన్ని అడుగుతాను. 'చేతులు కడుక్కోండి' అన్న వాక్యం కిందే 'మీ వీధికి ట్యాంకరు ఫలానా రోజుల్లో ఫలానా వేళకి వస్తుంది, రాకపోతే ఫలానా అధికారికి చెప్పండి' అని ఉండాలి. 'వేరే గది లేనివాళ్ళు ఇక్కడికి రండి' అని ఊళ్ళోనే ఒక చోటు పేరు ఉండాలి, ఆడవాళ్ళకి వేరే మరుగుదొడ్డి ఉన్న చోటు. కోసిగి నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి దాదాపు 100 కిలోమీటర్లు, అక్కడికి పొమ్మని రాయడం చిరునామా ఇచ్చినట్టే గానీ దారి చూపినట్టు కాదు. ఇల్లాలికే జ్వరమొస్తే ఆ ఇంటికి రెండు పూటలా వండిన అన్నం ఎవరు పంపుతారో రాయాలి. అంగన్‌వాడీలున్నాయి, బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆయమ్మలున్నారు, వాళ్ళకి డబ్బిచ్చి ఈ పని చేయించలేరా? ఊరికే సేవ పేరుతో వద్దు, డబ్బిచ్చే!

భాష సంగతి కూడా. మా పడమటి పల్లెల్లో తెలుగులో సగం కన్నడం కలుస్తుంది, ఆదోని పాతపేటల్లో ఉర్దూ. 'భౌతిక దూరం పాటించవలెను', 'వ్యాధి నిరోధకశక్తిని పెంపొందించుకొనవలెను' అని అచ్చువేస్తే డిగ్రీ చదివిన నాకే రెండోసారి చదవాల్సి వచ్చింది. చదువు రాని చోట అచ్చుకాగితం గోడకి అలంకారమే. అదే మాట ట్యాంకరు దగ్గర వరసలో, రేషను షాపు దగ్గర, డ్వాక్రా మీటింగులో మామూలు మాటల్లో చెబితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది.

చెప్పేవాళ్ళ సంగతి చూస్తే, వాలంటీరు వ్యవస్థ 2024 తర్వాత లేదు. అది మంచో చెడో రాజకీయాలవాళ్ళు తేల్చుకుంటారు. మనకి కావలసిందల్లా, ఆ 50 ఇళ్ళ సంగతులు ఇప్పుడు ఎవరి పుస్తకంలో ఉన్నాయన్నది. మిగిలింది ఆశా కార్యకర్త. 2019లో ఆమె గౌరవ వేతనం 10,000 రూపాయలు చేశారు, 2022 మేలో మన దేశపు ఆశాలకి ప్రపంచ ఆరోగ్య సంస్థ పురస్కారం ఇచ్చింది. పేరులోనే 'గౌరవం' ఉంది, జీతం అనరు. జెనీవా ఒప్పందంలో ఆరోగ్య సిబ్బందికి రక్షణ ఉండాలన్న మాట ఉంది. ఆ మాట కోసిగి దాకా వస్తే ఆశాకి ఒక జత గ్లౌజులూ, సొంత జ్వరానికి సెలవూ దక్కాలి.

2025 నాటి కాగితంలో 'గర్భిణులు ఇల్లు కదలకూడదు' అన్న మాట గురించి ఆ మండలంలోని ఒక ఆశా కార్యకర్తని అడిగాను. ఆమె నవ్వింది. "ఇల్లు కదలకుంటే ఇల్లు గడిచేదెట్లక్కా? అయిదో నెల, ఆరో నెల పెట్టుకోని మిర్చికి పోతారు. కూలి కిలోల లెక్కన, ఇంటిల్లిపాదీ కోస్తేనే గిట్టుబాటు. నేను వద్దంటే 'నువ్వు పెడతావా కూడు' అంటారు." తన రిజిస్టరు తీసి చూపించింది. గర్భిణుల పేర్లు, నెలలు, ఇనుము మాత్రలు ఇచ్చిన తేదీలు. జనవరి దాటాక చాలా పేర్ల ఎదురుగా ఒకటే మాట, 'ఊర్లో లేదు'. ఏ ఊరికి పోయింది, ఏ మేస్త్రీతో పోయింది, అక్కడ ఏ ఆశాకి చెప్పాలి అని రాసుకోవడానికి ఆ రిజిస్టర్లో గడి లేదు. ఆమే పక్కన పెన్సిలుతో కొందరి ఫోను నంబర్లు రాసుకుంది. "ఇవి నా కోసరం రాసుకున్నెక్కా, ఆఫీసుకి లెక్క లేదు" అంది.